గాస్పరెతో చెప్పావా, అత్తా?

సౌత్ ఫిలడెల్ఫియా
మార్చి 6, 1988, ఆదివారం

లోరెట్టా తల్లీ,

నీ కార్డు అందింది. చిట్టితల్లి బ్రిట్టా గీసిన బొమ్మలో లావుగా, నల్లగా ఉన్నది నేనేనని రాశావు. నేను దాన్ని సంచీ అనుకున్నాను. సరేలే, నేనే.

వచ్చే నెల పదిహేడుకి నాకు డెబ్బై నిండుతాయి. ఎవరికీ చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఈవేళ చర్చిలో పూజ అయ్యాక గాస్పరె హోటల్‌కి వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నానో లేదో, ఆయన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇమ్మాకొలాతా, డెబ్బై అంటే మాటలా? ఆ రోజు మూడు బల్లలు కలిపేస్తాను. నీ మేనకోడల్ని రమ్మని రాయి" అని గట్టిగా అన్నాడు. అందరూ విన్నారు. మాంసం కొట్టావిడ చప్పట్లు కూడా కొట్టింది. ఇంక దాచడానికేముంది?

మీరు ముగ్గురూ రావాలి. పెళ్లయ్యాక నువ్వు గాస్పరె దగ్గర ఒక్క పూటా తినలేదు. మీ నాన్న పోయిన వారం నిన్ను మొదటిసారి తీసుకెళ్లింది అక్కడికే. ఏడేళ్ల పిల్లవి. బల్ల నీ గడ్డం దాకా వచ్చేది. మాంసం ఉండలు రెండు తిని, మూడోది రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నావు. ఆ టమాటా గ్రేవీ మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

మీ ఆయనకి ఏం పెట్టాలో గాస్పరెకి తోచడం లేదట. "ఆ మిన్నెసోటా మనిషికి బంగాళాదుంపలు ఉడకబెట్టనా?" అన్నాడు. నేనూ నవ్వాను. కోపం తెచ్చుకోకు. నీ పెళ్లి విందులో నేను చేసిన సాసేజీ కారమని పక్కన పెట్టి, వట్టి రొట్టె తిన్న అల్లుణ్ణి ఎలా మరిచిపోతాను?

కుడి మోకాలు మొరాయిస్తోంది. ముప్పై ఎనిమిదేళ్లు కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషను తొక్కింది ఆ కాలే మరి. ఎడమది ఇప్పటికీ పడుచుపిల్లలాగే ఉంది.

రాలేమని మాత్రం రాయకు.

నీ అత్త,
ఇమ్మా


మినియాపోలిస్
మార్చి 15, 1988

అత్తా,

వస్తున్నాం. టికెట్లు తీసుకున్నాం. పదహారు సాయంత్రానికి దిగుతాం. నీ ఇంట్లో మెట్లెక్కి పడుకోవడం బ్రిట్టాకి మహా సరదాగా ఉంటుంది, ఇక్కడ మాది ఒకే అంతస్తు.

ఇప్పుడు రాసేది నవ్వకుండా చదువు. నవ్వుతావని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను.

ఆర్విడ్‌కి గింజలు పడవని పెళ్లప్పుడే చెప్పాను. బాదం, అక్రోటు, పిస్తా, అలాంటివి. అప్పుడు నువ్వు "వాళ్ల దేశంలో గింజలు లేక అలవాటు తప్పింది" అన్నావు. పడకపోవడమంటే కడుపునొప్పి కాదత్తా. నాలుక లావెక్కిపోతుంది, గొంతు మూసుకుపోతుంది. రెండేళ్ల కిందట స్కూల్లో ఎవరో తెచ్చిన కేకు ముక్క తిని తను పాఠం చెప్పే వర్క్‌షాపులో పిల్లల ముందే పడిపోయాడు. అప్పట్నుంచి తొడలో గుచ్చుకునే మందు సూది ఒకటి వెంట పెట్టుకుంటున్నాడు.

గాస్పరెతో నువ్వు నోటితో చెప్పాలి. గింజ అయినా, పొడి అయినా, నూనె అయినా కూడదని చెప్పు. ఆయన కాగితం మీద రాసుకునేదాకా అక్కడే నిలబడు. నేనే ఫోన్ చేద్దునుగానీ, నీ పుట్టినరోజు, నీ హోటల్, నేను దూరం నుంచి ఆజ్ఞలిస్తున్నట్టు ఉంటుంది.

చేస్తావు కదూ? చెప్పాక నాకొక ముక్క రాయి.

నీ లోరీ


సౌత్ ఫిలడెల్ఫియా
మార్చి 24, 1988

లోరీ తల్లీ,

చెప్పేశాను. ఇంక దిగులు మాను.

నిన్న పనిగట్టుకుని వెళ్లాను. గాస్పరె ఆర్టిచోకు మొగ్గల్లో రొట్టెపొడి కూరుతున్నాడు. నువ్వు రాసినవన్నీ వరసగా చెప్పాను. "మా వంటింట్లో అలాంటివేవీ ఉండవు, నీ అల్లుడు నిశ్చింతగా తినొచ్చు" అన్నాడు. సరేనా?

పై అంతస్తు గదిలో కొత్త తెరలు కుట్టాను. బ్రిట్టాకి పసుపు ఇష్టమని రాశావు కదా, పసుపే. నలభై ఏళ్లు అందరికీ నల్ల కోట్లు కుట్టిన చేతులు. పసుపు గుడ్డ చూసి అవే ఆశ్చర్యపోయాయి.

ఈస్టర్ రొట్టె అట్టపెట్టెలో పంపుతున్నాను. ఇందులో గుడ్లు, పిండి, సోంపు తప్ప మరేం లేవు. చూశావా, నేర్చుకుంటున్నాను.

ముద్దులతో,
ఇమ్మా అత్త


మినియాపోలిస్
ఏప్రిల్ 27, 1988

అత్తా,

ఆర్విడ్ కోలుకున్నాడు. సోమవారం నుంచి స్కూలుకి వెళుతున్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను ముక్తసరిగా పెట్టేశాను. ఫోన్‌లో మాట్లాడితే అరుస్తానని భయం. అందుకే రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నా కళ్లముందు నుంచి పోవడం లేదు. అందరూ పాట పాడారు. గాస్పరె రికోట్టా పై అనే ఆ జున్ను కేకు తెచ్చి నీ ముందు పెట్టాడు. నేను కెమెరా కోసం కోట్లు తగిలించిన మూలకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆర్విడ్ పెదవి ఒక పక్క ఉబ్బింది. నన్ను చూసి గొంతు చూపించాడు. సూది ఆయన కోటు జేబులో ఉంది. నేను అప్పుడే దాని పక్క నుంచి వచ్చాను అత్తా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర! మళ్లీ పరిగెత్తి తెచ్చేసరికి కుర్చీలోంచి జారిపోయాడు. ప్యాంటు మీంచే గుచ్చాను. అంబులెన్సు వచ్చేదాకా బ్రిట్టా "నాన్నని లేపండి, లేపండి" అంటూనే ఉంది. ఆ బల్లల దగ్గర ఒక్క మనిషి కదల్లేదు.

అప్పుడు గాస్పరె చొక్కా పట్టుకుని అడిగాను. "ఆ రికోట్టా పై అడుగున ఏం వేశారు?" అంటే "బాదం పొడి" అన్నాడు. "మా అత్త మీతో చెప్పింది కదా!" అని అరిచాను. ఆయన నీ వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగి, "చెప్పిందమ్మా. నేనే మరిచిపోయాను" అన్నాడు.

మరిచిపోయాడట! మనిషి ప్రాణం సంగతి మరిచిపోవడం ఆయనకి కూరలో ఉప్పు మరిచిపోయినట్టుంది.

ఆసుపత్రి గుమ్మంలో నిన్ను కూడా ఒక మాట అన్నాను. "నిజంగా చెప్పావా?" అని అడిగాను. నువ్వు జపమాల పట్టుకుని ఏడ్చావు. ఆ సమయంలో అలా అడగాల్సింది కాదు. మన్నించు.

కానీ ఆయన్ని మాత్రం వదలను.

లోరెట్టా


సౌత్ ఫిలడెల్ఫియా
మే 4, 1988

లోరీ,

దేవుడు అల్లుణ్ణి మనకి మిగిల్చాడు. రోజూ చర్చిలో ఆయన పేరున కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. ఫాదర్ పేరు పలకలేక "ఆల్‌ఫ్రెడ్" అంటున్నారు. దేవుడికి తెలుస్తుందిలే.

గాస్పరె సంగతి వదిలెయ్ తల్లీ. ఆయనకీ డెబ్బై దాటాయి. కావాలని చెయ్యలేదు. పగ పెట్టుకుంటే మన ఒంటికే చేటు. ఆర్విడ్ బాగున్నాడు, అది చాలదా?

ఆదివారాలు నేను అటు వెళ్లడం లేదు. ఇంట్లోనే గుడ్డు ఉడకబెట్టుకుంటున్నాను.

బ్రిట్టా పసుపు తెర పట్టుకుని ఊగిందని తిట్టావే, ఆ కుట్టు ఊడింది, మళ్లీ వేశాను.

ఇమ్మా అత్త


మినియాపోలిస్
మే 13, 1988

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "వదిలెయ్" అన్నావు. నా మొగుడు నేల మీద నీలిరంగులోకి తిరగడం చూశావు కదా, చూసి కూడా ఆ మాట ఎలా రాశావు?

వదల్లేదు. మీ ఊరి ఆరోగ్య శాఖకి ఫిర్యాదు పంపాను. ముందే హెచ్చరించినా నిర్లక్ష్యం చేశాడని, తనే ఒప్పుకున్నాడని రాశాను. మీ పేట పత్రికకీ ఒక ప్రతి పంపాను. నాకు ఆయన దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదు. ఆ వంటిల్లు మూతపడాలి, అంతే. రేపు ఇంకొకరి మొగుడు వస్తాడు, ఇంకొకరి బిడ్డ వస్తుంది.

ఒకటి అడుగుతాను. ఆ పెళ్లాం పోయిన మనిషి మీద నీకు అంత జాలి ఎందుకు? మా మీద లేనంత జాలి? ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటున్నది భోజనం కోసమేనా? నాకెప్పుడూ అడగాలనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

లోరెట్టా


సౌత్ ఫిలడెల్ఫియా
మే 25, 1988

లోరెట్టా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అవును, గాస్పరె అంటే నాకు ఇష్టమే. ఆయన భార్య ఉన్నప్పుడు ఆమె అంటే ఇంకా ఇష్టం. నువ్వు అనుకున్నది ఏదీ మా మధ్య లేదు. ఉన్నా అది నీకు తలవంపు కాదు. ఎవరినీ చేసుకోకుండా నిన్ను పెంచినదాన్ని. ఆదివారం ఒక్కపూట ఎవరో వండి, ఎవరో వడ్డించి, "ఎలా ఉన్నావు ఇమ్మా?" అని అడిగితే తినాలనిపించేది. దాన్ని నువ్వు ఇలా చదువుతావనుకోలేదు. నీ పెళ్లి గౌను మీద వెయ్యి పూసలు కుట్టాను లోరెట్టా. ఒక్కొక్కటీ చేత్తో కుట్టాను. ఇలా ఎత్తిపొడవడం నాకు ఇష్టం లేదు, కానీ నువ్వే మొదలుపెట్టావు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. డబ్బాలన్నీ తెరిపించి రాసుకున్నాడు. పేట పత్రికలో పడింది. హోటల్ పేరు పెద్దక్షరాల్లో, కింద "అతిథి ప్రాణాపాయం" అని. మాంసం కొట్టావిడ నన్ను ఆపి, "పాపం మీ అల్లుడు! ఆ ముసలాడు అంత మతిమరుపు మనిషని తెలియకపోయె" అంది. నేను తల ఊపి వచ్చేశాను.

మొన్న ఆదివారం ఆగలేక వెళ్లాను. పదకొండు బల్లల్లో రెండింటి దగ్గరే మనుషులున్నారు. నా బల్ల మీద గుడ్డ పరిచే ఉంది. రొట్టె బుట్ట, నీళ్ల గ్లాసు అన్నీ పెట్టాడు. నేను రాని ఆదివారాలు కూడా అలాగే పెట్టి, సాయంత్రం తీసేస్తున్నాడట. వడ్డించే అమ్మాయి చెప్పింది. ఆయన సూప్ తెచ్చి పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాడు. సూప్ సగం వదిలేశాను.

ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. బతిమాలుతున్నాను. ఎందుకని అడగకు.

ఇమ్మాకొలాతా


మినియాపోలిస్
జూన్ 7, 1988

అత్తా,

ముందుగా, ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నీ ఉత్తరం చదివి ఆర్విడ్ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "నిన్ను పెంచిన మనిషిని అలా అడిగావా?" అన్నాడు. నన్ను మన్నించు. నువ్వు గాస్పరెని కాపాడాలని చూడటం నీ మంచితనం. నాకు కోపం వచ్చింది కూడా అందుకే.

కానీ ఇప్పుడు విను. ఇది చదివాక నువ్వే ఫిర్యాదు వెనక్కి తీసుకోవద్దంటావు.

బ్రిట్టాకి పోయిన వారం పరీక్షలు చేయించాం. వీపు మీద చుక్కలు చుక్కలుగా మందు వేసి చూస్తారు. బాదం చుక్క దగ్గర నాణెమంత దద్దురు లేచింది. దానికీ పడవు అత్తా. నాన్న కంటే ఎక్కువగా పడవు.

ఆ సాయంత్రం ఆర్విడ్ ఇన్నాళ్లూ నాతో చెప్పనిది చెప్పాడు. ఆ రికోట్టా పై ముక్క ఆయనది కాదు. నువ్వు చెంచాతో బ్రిట్టా నోటికి అందిస్తున్నావట. ఆయన "ఇందులో ఏమైనా ఉందా?" అని అడిగితే నువ్వు "తిననివ్వు నాయనా, అంతా చెప్పే ఉంచాను" అన్నావట. అయినా దానికి కొత్తది ఏది పెట్టినా ముందు తను రుచి చూసే అలవాటు కొద్దీ "ముందు నాన్నకి" అని ఆ చెంచా తన నోట్లో పెట్టుకున్నాడు. డాక్టరుకి ఇదంతా చెప్పాం. అంత చిన్న ఒంటికైతే ఆసుపత్రి దాకా వ్యవధి ఉండేది కాదన్నారు.

ఒక చెంచాడు అత్తా. నీ చేతిలోంచి. నువ్వు గాస్పరె మాట నమ్మి పెట్టావు. నీ చేతే దాని ప్రాణం తీసేలా చేశాడు ఆ మనిషి. ఆ సంగతి తలుచుకుంటే నీ కోసం కూడా నాకు ఏడుపొస్తోంది.

విచారణ జూన్ 28న. నువ్వే సాక్షివి. ఇందులో ఒక కాగితం పెడుతున్నాను. ఏ రోజు, ఏ మాటలతో గాస్పరెకి చెప్పావో, ఆయన ఏమన్నాడో రాసి సంతకం చెయ్యి. "మా వంటింట్లో అలాంటివేవీ ఉండవు" అన్నాడని నాకు రాశావు గుర్తుందా? ఆ మాట తప్పకుండా రాయి. అది చాలు, హోటల్ మూతపడుతుంది.

నీ లోరీ


సౌత్ ఫిలడెల్ఫియా
జూన్ 19, 1988, ఆదివారం

లోరెట్టా,

కాగితం నింపి, సంతకం చేసి నేరుగా ఆ ఆఫీసుకే పంపాను. అందులో ఏం రాశానో నీకూ రాస్తున్నాను.

నేను గాస్పరెతో చెప్పలేదు.

మార్చిలో కాదు, ఏప్రిల్‌లో కాదు, ఎప్పుడూ చెప్పలేదు. "మా వంటింట్లో అలాంటివేవీ ఉండవు" అన్న మాట ఆయనది కాదు. నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నీకు ఉత్తరం రాస్తూ నేను కల్పించాను. ఎలాగూ విందుకి ముందు శనివారం చెబుతాను కదా, నిన్ను ముందే ఊరుకోబెడితే పోలా అనుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటావు. నాకు నమ్మకం లేదు. బాదం తిని చచ్చిపోయిన మనిషిని నేను చూడలేదు. అదొకటే అయితే కూడా చెప్పేదాన్నేమో. ఆర్టిచోకులు కూరుతున్న రోజు నిజంగానే వెళ్లాను. నోరు తెరవబోయాను. గాస్పరె "ఏం, బంగాళాదుంపలు ఎన్ని తెప్పించమంటావు?" అన్నాడు. వడ్డించేవాళ్లు నవ్వారు. నీ మొగుడి మీద ఆ జోకులన్నీ నేర్పింది నేనే, ఏడేళ్లుగా. ఇప్పుడు వెళ్లి "ఆయనకి గింజలు కూడా పడవు" అంటే ఇంకో జోకు అవుతుందనుకున్నాను. మా ఇంటి అల్లుడు, డెబ్బయ్యో పుట్టినరోజు, అందరి ముందూ. నాకు నామోషీ అనిపించింది. "ఏం లేదులే" అని వచ్చేశాను. శనివారం మీరొచ్చిన సంబరంలో పడిపోయాను. ఆదివారం ఆర్విడ్ నా మొహంలోకి చూసి అడిగాడు. అప్పుడైనా "ఉండు, అడిగొస్తాను" అని లేవాల్సింది. పది అడుగులు లేదు వంటిల్లు. అబద్ధం ఒకసారి రాశాక నాకే నిజమైపోయింది లోరీ. చెప్పాననే అనుకుంటూ ఆ చెంచా ఎత్తాను.

చెంచా నాకు గుర్తుంది. ఆ రోజు నుంచీ గుర్తుంది. మీ ఆయన చెప్పడేమో అనుకున్నాను. చెప్పకూడదని కొవ్వొత్తులు వెలిగించాను. ఆయన ఆరోగ్యం కోసమని నీకు రాశాను, అది సగమే నిజం.

ఇవాళ పూజకి వెళ్లలేదు. తలుపులు తెరవకముందే గాస్పరె దగ్గరికి వెళ్లాను. ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నేను నిలబడే అడిగాను.

"ఆ రోజు నా వంక ఎందుకు చూశావు?"

"నువ్వేమంటావోనని."

"నేనేమీ అనలేదు."

"అనలేదు."

"మరి నా మీద ఎందుకు చెప్పలేదు గాస్పరె? నీకేం పట్టింది?"

కత్తి కింద పెట్టాడు. "ఆ పిల్ల మొగుడు నేల మీద ఉన్నాడు. దానికి ఈ ఊళ్లో ఉన్నది నువ్వొక్కదానివి. ఆ నిమిషంలో నువ్వు కూడా లేకుండా పోతే ఏం పట్టుకుని నిలబడుతుంది? హోటళ్లయితే వీధికి నాలుగున్నాయి. రెండు రోజులు పోనిచ్చి నువ్వే చెబుతావనుకున్నాను. రెండు నెలలు పట్టింది నీకు."

నేను ఏడ్చాను. ఓదారుస్తాడనుకున్నాను కాబోలు, నాకే తెలియదు. ఆయన ఓదార్చలేదు. గొంతు పెంచాడు, నేనెప్పుడూ వినలేదు ఆయన గొంతు అలా. "ముప్పై ఏళ్లు తిన్నావు ఆ రికోట్టా పై. అడుగున ఏం వేస్తానని ఒక్కసారి అడిగావా? అడిగితే నాకు మర్యాద కదా! నా వంటింట్లో ఒక మనిషి చచ్చేవాడు ఇమ్మాకొలాతా. ఆ నేల రోజూ నేనే తుడుస్తాను. ఆ చోటికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది, తెలుసా? ఈవేళ నీకు భోజనం పెట్టను. వెళ్లు."

వచ్చేశాను.

నువ్వు ఏం రాసినా చదువుతాను. ఏమీ రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

ఇమ్మాకొలాతా


మినియాపోలిస్
జూన్ 30, 1988

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. గాస్పరెగారికి క్షమాపణ రాశాను. ఆ పత్రికకీ రాశాను.

నీకేం రాయాలో తెలియడం లేదు. ఆసుపత్రి గుమ్మంలో నిన్ను అడిగాను. నువ్వు జపమాల పట్టుకుని ఏడ్చావు. నేను నీ కన్నీళ్లు తుడిచాను. అది తలుచుకుంటే ఒళ్లు మండుతోంది. తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరంలో నీకు ఒక తలుపు తెరిచే ఉంది.

కొన్నాళ్లు రాయకు. ఫోన్ చెయ్యకు. బ్రిట్టాకి ఏమీ పంపకు. తినేది అసలే పంపకు.

లోరెట్టా


సౌత్ ఫిలడెల్ఫియా
ఆగస్టు 28, 1988

లోరెట్టా,

రాయవద్దన్నావు. రెండు నెలలు ఆగాను. ఇది కూడా నీకు ఇష్టం లేకపోతే చించెయ్. నన్ను క్షమించమని అడగడానికి కాదు, ఇక్కడి సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

పేట పత్రికకి నేనూ రాశాను. నా పేరుతో వేశారు. "మేనకోడలు హెచ్చరించింది నన్ను, గాస్పరెని కాదు. నేను ఆయనకి చెప్పలేదు. తప్పు నాది." అంతే, మూడు వాక్యాలు. మాంసం కొట్టావిడ ఇప్పుడు నాకు తూచి ఇస్తుంది, మాట్లాడదు. చర్చిలో నా వరసలో కాస్త ఎడంగా కూర్చుంటున్నారు. కొందరు మాత్రం వచ్చి "పోనీలే, ఇంత చిన్న విషయానికి" అంటారు. ఎడంగా కూర్చునేవాళ్లే నాకు నయమనిపిస్తున్నారు.

హోటల్లో మళ్లీ జనం వస్తున్నారు. లోపలికి వెళ్లలేదు, కిటికీ బయట నుంచి చూశాను. కిందటి ఆదివారం గాస్పరె నన్ను వీధిలో చూసి తలుపు తీశాడు. "లోపలికి రా, కానీ నీ బల్ల ఇంకొకళ్లకి ఇచ్చాను" అన్నాడు. వంటింటి పక్కనున్న చిన్న బల్ల దగ్గర కూర్చున్నాను. పళ్లెం తెచ్చి పెట్టాడు. నేను తినబోతూ ఆగి, "ఇందులో ఏముంది?" అని అడిగాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటీ చెప్పాడు. పూర్తయ్యేసరికి అన్నీ చల్లారిపోయాయి. చల్లారినవే తిన్నాను.

నాకు బాదం పడుతుంది, అన్నీ పడతాయి. అయినా అడిగాను. అంత తేలిక లోరీ, అడగడం. పది అడుగులు కూడా నడవక్కర్లేకపోయింది.

ఇంకేమీ లేదు.

ఇమ్మా


మినియాపోలిస్
అక్టోబర్ 9, 1988

అత్తా,

నీ ఉత్తరం ఆరు వారాలు డ్రాయరులో ఉంది. చించలేదు.

నాకు తెలియకుండా ఆర్విడ్ గాస్పరెగారికి రాశాడట. ఆయన జవాబిచ్చారు. నాలుగు కాగితాలు, రెండు వైపులా. హోటల్లో చేసే ప్రతి వంటకం పేరు, అందులో పడే ప్రతి వస్తువు, ఏది ఏ గిన్నెలో కలుపుతారో కూడా. స్పెల్లింగులు ఘోరం. ఆర్విడ్ ఆ కాగితాలు ముందేసుకుని ఎర్ర సిరాతో గీతలు గీశాడు, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ఇరవైమూడు వంటకాలు ఆయనకి, బ్రిట్టాకి సరిపడతాయట. "చూశావా, వెళ్లి కూర్చుని తినొచ్చు" అన్నాడు. ఆయనకి ఆ గుమ్మం మళ్లీ తొక్కాలని ఉంది. కలల్లో ఇంకా ఆ నేల మీదే పడి ఉంటున్నానని, ఒకసారి లేచి బల్ల దగ్గర కూర్చుంటే అది పోతుందని అంటున్నాడు. నాకు వెళ్లాలని లేదు. కానీ పడిపోయింది ఆయన, నేను కాదు.

నవంబరు 13, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తున్నాం. నీ ఇంట్లో దిగం. నేరుగా హోటల్‌కే. గాస్పరెగారితో నేనే ఫోన్‌లో మాట్లాడాను. నాలుగు కుర్చీలు అడిగాను. నాలుగోది నీకు.

నేను నిన్ను క్షమించానని అనుకోకు. ఎప్పుడు క్షమిస్తానో నాకే తెలియదు. కొన్ని పొద్దుల్లో నీకు ఫోన్ చెయ్యబోయి సగం నంబరు తిప్పి పెట్టేస్తాను. కొన్ని పొద్దుల్లో నీ పేరు వింటేనే పళ్లు బిగుసుకుంటాయి. వచ్చే రోజు వీటిలో ఏ పొద్దు అవుతుందో నేను మాట ఇవ్వలేను.

బ్రిట్టా నా పక్కన కూర్చుంటుంది. దాని నోటికి నువ్వేమీ అందించవద్దు. నీ చెంచా నీ పళ్లెంలోనే ఉండాలి. పిల్ల నిన్ను చూసి ఎగిరి మెడ పట్టుకుంటుంది, అడ్డుపడను.

ఇంకొకటి, అత్తా. ఆ బల్ల దగ్గర నేను నిన్ను ఏదో ఒకటి అడుగుతాను. వంట గురించే కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. తెలిస్తే చెప్పు. తెలియకపోతే, నా మొహం చూస్తూ, "నాకు తెలియదు" అను. నన్ను ఊరుకోబెట్టకు. నీ నోట ఆ ఒక్క మాట వినడానికే అంత దూరం వస్తున్నాను.

లోరీ